మడవని కాలు

11-2-86, మంగళవారం. బెంగుళూరు

శాంత ఈ నోటుబుక్కు కొనిచ్చింది. నాయన మాత్రల వేళలు రాసుకోమ్మా, మరిచిపోతావు అంది. మాత్రల వేళలే కాదు, డాక్టర్లు, నర్సులు చెప్పే ప్రతి మాటా ఇందులో రాస్తాను. ఒక్కటి కూడా జారిపోకూడదు. నేను చదివింది పుంగనూరులో ఐదో క్లాసు. తప్పులుంటే ఉండనీ, చూసేది నేనే కదా.

రేపు ఆయనకు పరీక్ష. తొడ మొదట్లో సూది గుచ్చి, సన్నటి గొట్టం ఒకటి లోపలికి గుండె దాకా పంపి, మందు వదిలి ఫోటోలు తీస్తారట. గుండె నరాల్లో ఎక్కడ పూడిక ఉందో కనిపిస్తుందట. అల్లుడు నల్లప్ప కన్నడంలో అడిగి తెలుసుకుని మాకు చెప్పాడు. కుప్పం స్టేషన్లో పాయింట్స్‌మన్ కాబట్టి నాలుగు భాషలూ తగులుతూనే ఉంటాయి అతనికి.

ఆయన అంతా విని, "కాలవలో పూడికుంటే పార తీసుకోని తియ్యాల. ఫోటో తీస్తే పోతాదా?" అన్నాడు.

నా కొడుకు మునికృష్ణ పోయిన పదమూడు నెలల్లో ఆయన ఇంత పొడుగు మాట మాట్లాడటం ఇదే. నల్లప్ప నవ్వాడు. నేనూ నవ్వాను.

మదనపల్లెలో వాణ్ణి మూడో రోజే డాక్టరు ఇంటికి పంపించాడు. నాలుగో రోజు వాడు లేడు. ఈయన విషయంలో మాత్రం వాళ్ళు పొమ్మనే దాకా నేను ఈ మంచం పక్కనుంచి కదలను.

12-2-86, బుధవారం

అయిపోయింది. గంటంబావు పట్టింది. బయట బల్ల మీద కూర్చున్నాను. ఏడవలేదు.

తీసుకొచ్చి పడుకోబెట్టారు. తొడ మీద ఇసుక మూట పెట్టారు, రక్తం రాకుండా. కేరళ నర్సు ఒకామె, సన్నగా ఉంటుంది, మాట గట్టిది. ఆయనతో అంది: "కాలు మడక్క కూడాదు అప్పా. కట్టె మాదిరి పెట్టుకో. నేను వచ్చి చెప్పే దాకా మడక్క కూడాదు." నా వైపు తిరిగి, "అమ్మా, నువ్వు చూసుకోవాలి" అంది.

రాసుకున్నాను. నర్సు వచ్చి చెప్పే దాకా కుడికాలు మడవకూడదు.

రెండుసార్లు మోకాలు లేపబోయాడు. పట్టుకుని నొక్కాను.

"చీమ కుడతాందే."

"కుట్టనీ."

13-2-86, గురువారం

డాక్టరు వచ్చాడు. కోలారు మనిషి, తెలుగు వస్తుంది. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఒక్క నరంలో కొంచెం పూడిక ఉంది. ఆపరేషన్ అక్కర్లేదు. మాత్రలు వేసుకోవాలి. బీడీ మానాలి. వారం పోయాక మెల్లగా మొదలుపెట్టి రోజూ రెండు మైళ్ళు నడవాలి, వేగంగా నడవాలి. కూర్చుంటే చెడుతుంది, నడిస్తే బాగుంటుంది. నొప్పి వస్తే నాలుక కింద చిన్న మాత్ర. మనసుకు పెద్ద దెబ్బ తగిలే మాటలు చెప్పకూడదు.

ఈ చివరి మాట కింద గీత గీశాను.

నల్లప్ప సంతోషం పట్టలేక వార్డులో అందరికీ చెప్పొచ్చాడు. ఆయన మాత్రం కాలు చాపుకుని పడుకున్నాడు. కేరళ నర్సు ఈరోజు రాలేదు. వేరే నర్సు వచ్చి ఇసుక మూట తీసేసి, కట్టు మార్చి, లేచి నడవమని సైగ చేసింది. కాలు చూపించి మడవచ్చా అని అడిగాను. నా మాట ఆమెకు అర్థం కాలేదు, ఆమె మాట నాకు అర్థం కాలేదు. నర్సు వచ్చి చెప్పే దాకా అన్నారు. ఆ నర్సే వచ్చి చెప్పాలి.

14-2-86, శుక్రవారం

ఈరోజు సంగతి రాయాలి. రాస్తే గాని తగ్గేట్టు లేదు.

పదిగంటలకు గుమాస్తా వచ్చాడు. డిశ్చార్జి అన్నాడు. ఒక కాగితం, పెన్ను నా చేతికిచ్చి "సహి హాకమ్మా" అని సంతకం చోటు చూపించాడు.

నేను పెన్ను కింద పెట్టేశాను.

"ఏమని రాసిండాది దీంట్లో?" అని నల్లప్పను అడిగాను.

"ఇంగ్లీషత్తా. ఇంటికి పంపిస్తాండాము అని. అందురూ పెట్టేదే. పెట్టు."

"అందురూ పెడితే నేను పెట్టాల్నా? డాక్టరును పిలువు."

"సంతకానికి డాక్టరు యాడ వస్తాడత్తా!"

"రాకపోతే మేం పోము."

గుమాస్తా విసుక్కున్నాడు. పక్క మంచం వాళ్ళు లేచి కూర్చుని చూశారు. శాంత నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, పరువు తీస్తాండావు" అంది. తీయనీ. పన్నెండుకు డాక్టరే వచ్చాడు.

"ఏమమ్మా, ఇంటికి పొమ్మంటే పోనంటాండావంట?"

"సామీ, ఒక్కటి చెప్పండి. మీరు పంపిస్తాండారా, మేము తీసుకపోతాండామా?"

"రెండూ ఒకటే కదమ్మా."

"కాదు సామీ."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. నా ముఖంలో ఏం కనిపించిందో. మంచం దగ్గర నిలబడి, గట్టిగా, వార్డంతా వినిపించేట్టు అన్నాడు. "మేమే పంపిస్తా ఉండాం. జబ్బు చూసినాం, మందు రాసినాం. నీ మొగుడు బాగుండాడు, అందుకే పంపిస్తా ఉండాం. చాలా?"

"చాలు సామీ."

సంతకం పెట్టాను. అక్షరాలు వంకరపోయాయి. నా చేతిరాత ఎప్పుడూ అట్లా రాలేదు.

తిరిగి చూస్తే మంచం మీద ఆయన గోడవైపు మొహం తిప్పుకుని ఉన్నాడు. ఎందుకో తెలియలేదు.

ఆ గొడవలో కాలి సంగతి అడగటం మరిచాను. కేరళ నర్సు లీవులో ఊరికి పోయిందట. అందుకని మడవకుండానే చక్రాల కుర్చీలో కూర్చోబెట్టించాను. కాలు కుర్చీ ముందుకు ఎద్దులు కట్టని బండి నొగలాగ పొడుచుకుని వచ్చింది. కుర్చీ తోసేవాడు నొప్పేమో అనుకున్నాడు.

రైల్లో ఎదుటి సీటు మీద కాలు చాపించాను. బంగారుపేటలో ఒకామె టమోటా గంపలతో ఎక్కింది.

"ఏమక్కా, కాలికి గూడా టికెట్టు తీసినావా?"

"తీస్తా. ముందు నీ గంపలకు తీసినావా, చెప్పు."

పెట్టె అంతా నవ్వారు. ఆమె కూడా నవ్వి, గంప మీదే కూర్చుంది. ఆయన నవ్వలేదు.

15-2-86. కుప్పం

శాంత ఇంట్లోనే ఉంటాము, మళ్ళీ డాక్టరుకు చూపించే దాకా. ఇక్కడైతే రైలు దగ్గర. మా ఊరినుంచైతే పుంగనూరు రావటానికే పూట పడుతుంది.

పొద్దున మాత్రలు మూడు. మధ్యాహ్నం ఒకటి. కాలు మడవలేదు.

17-2-86

కాలు మడవలేదు. నల్లప్ప పాత కుర్చీ ఒకటి తెచ్చి మధ్యలో కోయించాడు, దొడ్డికి పోవటానికి. క్వార్టర్సులో పక్కింటి గంగప్ప, రిటైరైన గేటుమన్, వచ్చి చూశాడు.

"ఏం కదిరప్పా, సిగ్నలు పడని బండి మాదిరి నిలబడిపోయినావే!"

ఆయన గంగప్ప పోయాక అన్నాడు, "సిగ్నలు పడిపాయ లే."

ఏమని అడిగితే కళ్ళు మూసుకున్నాడు.

19-2-86

డాక్టరు చెప్పిన వారం ఎల్లుండికి అయిపోతుంది. తర్వాత నడవాలి. కాలు మడవకుండా ఎట్లా నడుస్తాడు? అయినా చెప్పింది చెప్పినట్టు చేయాలి. మనకు తెలుసు అనుకోకూడదు. నొప్పి లేదు కదా, బాగుంది కదా అనుకోకూడదు. మదనపల్లెలో డాక్టరు పంపించాడు, నేను తీసుకొచ్చాను. అంతే. ఇప్పుడు మాత్రం చెప్పింది చెప్పినట్టు.

20-2-86, గురువారం

శాంత ఊరుకోక ఇక్కడి డాక్టరును పిలిపించింది. వచ్చినాయన కాలు చూసి, నన్ను చూశాడు.

"ఎనిమిది దినాలు మడవలేదా? ఒక్క దినానికి చెప్పిన మాటమ్మా అది!"

"మీకు చెప్పినారా వాళ్ళు?"

"చెప్పక్కర్లేదు. నాకు తెలుసు."

"తెలుసు అనే మాటే వద్దప్పా నాకు. చెప్పినోళ్ళు వేరే, చూసినోళ్ళు వేరే."

ఆయనకు కోపమొచ్చింది. నా మొహం మీదే చెప్పాడు. ఇట్లాగే చాపి పెడితే కాలిలో రక్తం గడ్డ కడుతుంది, ఆ గడ్డ కదిలిపోయి పైకి తగిలిందంటే మనిషి నిలవడు.

డాక్టరు వెళ్ళాక శాంత ఏడ్చింది. "నువ్వే సంపుతాండావమ్మా నాయన్ను" అంది. ఆ మాట అన్నందుకు వెంటనే నోరు మూసుకుంది.

నేను అన్నం వండాను. ఉప్పు వేయలేదని తర్వాత తెలిసింది.

22-2-86

పిక్క వాచింది. వేలితో నొక్కితే గుంట పడుతోంది.

23-2-86

బెంగుళూరు వాళ్ళు మడవొద్దన్నారు. కుప్పం ఆయన మడవమంటాడు. ఎవరి మాట వింటే ఈయన బతుకుతాడు? ఒకసారి తప్పు మాట విన్నాను.

24-2-86, సోమవారం

నేను పోతాను. ఆ నర్సునే అడుగుతాను. నల్లప్పకు డ్యూటీ, శాంత నాయన దగ్గర ఉండాలి. ఒక్కదాన్నే పోతాను. నల్లప్ప దారి రాసిచ్చాడు. ఎక్కడ దిగాలి, ఏ నంబరు బస్సు. ఆడమనిషివి ఒక్కదానివి పట్నంలో తప్పిపోతావు అని ఆయన అంటాడేమో అనుకున్నాను. ఆయన పోతే పో అన్నట్టు పడుకున్నాడు.

25-2-86, మంగళవారం

పోయాను, వచ్చాను.

బస్సు ఒకటి తప్పు ఎక్కాను. కండక్టరు దింపి ఇంకొకటి ఎక్కించాడు. నా కొడుకు ఈడువాడు. చేతి వేళ్ళ మధ్య టికెట్టు పుస్తకం వాడు పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. మునికృష్ణ మదనపల్లె డిపోలో ఐదేళ్ళు కండక్టరుగా చేశాడు. నేను కిటికీ బయట చూస్తూ కూర్చున్నాను.

వార్డు దగ్గర గేటువాడు లోపలికి వదల్లేదు. చూసే వేళ నాలుగ్గంటలకట. మెట్ల మీద కూర్చున్నాను. మూడింటికి ఆ నర్సే బయటికి వచ్చింది. లీవు నుంచి నిన్ననే వచ్చిందట. నన్ను గుర్తుపట్టలేదు. పన్నెండో నంబరు మంచం, పుంగనూరు కదిరప్ప భార్యను అన్నాను.

"అప్పా బాగున్నాడా?"

"బాగుండాడు తల్లీ. కాలు ఎప్పుడు మడవమంటావు?"

ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. "నువ్వొచ్చి చెప్పే దాకా మడవొద్దంటివి. నువ్వు రాలేదు. ఆయన మడవలేదు. ఈరోజుకు పదమూడు దినాలు."

ఆమె నవ్వింది. నవ్వు సగంలోనే ఆపి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. తెల్ల గౌను, ఆ దుమ్ములో.

"అమ్మా, అది ఒక్క రాత్రికి. పొద్దున్నే అందరూ మడుస్తారు. ఎవరూ చెప్పక్కర్లేకుండా మడుస్తారు. నీకెందుకు మడవాలనిపించలేదు?"

నేను చెప్పలేదు. ఆమె ఎవరో, నేనెవరో.

"ఇప్పుడు నీ నోటితో చెప్పు తల్లీ."

"మడవొచ్చు. నడవొచ్చు. ఈరోజే."

నోటుబుక్కులో కాగితం చించి, నా చేత్తోనే రాశాను. కదిరప్ప కాలు మడవవచ్చును, నడవవచ్చును. సంతకం పెట్టమన్నాను. ఆమెకు తెలుగు చదవను రాదు. ఏం రాసి ఉందో నన్నే చదివించుకుని విని, కింద పెట్టింది. పెట్టి, "నన్ను నమ్మి ఇంత చేసినావే" అంది. కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు, రైలు వేళయింది.

26-2-86, బుధవారం

కాగితం చూపించాను. ఆయన మడవలేదు.

నర్సు చెప్పింది, సంతకం పెట్టింది, ఇదిగో చూడు అన్నాను. చూశాడు.

"యాల మడవల్ల? ఎవురికోసం?"

"నడవాల. నడిస్తే బాగుంటాది అన్నాడు డాక్టరు."

అప్పుడు చెప్పాడు. ఇన్ని రోజులూ మనసులో పెట్టుకున్నది. "మదనపల్లె డాక్టరు గూడా ఇట్లే గదా, బాగుండాడు పో అని పంపించె అబ్బోణ్ణి. ఒక్క దినం నిలిచినాడా వాడు? ఇంక కాదు అనుకుంటేనే ఇంటికి పంపిస్తారే వీళ్ళు. సావు ఆస్పత్రిలో కాకూడదని. నువ్వు గూడా అడిగితివి గదా, మీరు పంపిస్తాండారా అని. ఆయప్ప వార్డంతా ఇనేట్టు చెప్పె, మేమే పంపిస్తాండాం అని. నాకు ఆ పొద్దే తెలిసిపాయ."

కాగితం మడిచి నోటుబుక్కులో పెట్టేశాను.

అంటే ఆ పొద్దు గోడవైపు తిరిగింది అందుకు. నేను ఏ మాట విని బతికానో, ఆ మాట విని ఆయన చావుకు తయారయ్యాడు.

27-2-86

డాక్టరు పంపించలేదు.

రాశాను. ఇంక మిగతాది కూడా రాస్తాను.

మదనపల్లె డాక్టరు మునికృష్ణను పది దినాలు మంచం దిగకూడదన్నాడు. గుండెకు దెబ్బ తగిలింది, చిన్న వయసు, అజాగ్రత్త వద్దు అన్నాడు. మూడుసార్లు చెప్పాడు. మూడో రోజు మా ఊరి చెంగయ్య బస్సులో వచ్చి కబురు చెప్పాడు. పట్టుపురుగులు పండినాయి, గూళ్ళు కట్టడానికి వచ్చినాయి, మీ ఆయన ఒక్కడే ఉన్నాడు, మనుషులు దొరకలేదు, పిల్లోడికి నొప్పి తగ్గి ఉంటే ఇద్దరినీ రమ్మన్నాడు అని. పండిన పురుగు ఆగదు. ఆ పూటకు ఏరి, అవి గూడు కట్టుకునే వెదురు చంద్రికల మీద వేయాలి. లేకపోతే తట్టల్లోనే దారం వదిలి పాడయిపోతుంది. నెల కష్టం. ఆయనకు గ్యాసు నొప్పి అని మాత్రమే చెప్పి పంపించి ఉన్నాను, భయపడతాడని.

వాడే అన్నాడు, "పోదాం పామ్మా, నొప్పి లేదు గదా" అని. నేనూ చూశాను, నవ్వుతున్నాడు, బాగున్నాడు. నర్సు ఒక కాగితం ఇచ్చి తను చెప్పేది రాయమంది. డాక్టరు గారు వద్దన్నా వినకుండా మా ఇష్టంతో తీసుకుపోతున్నాము, ఏం జరిగినా మాదే పూచీ. నేను రాశాను. సంతకం పెట్టాను. "మీ అక్షరాలు ముత్యాల్లాగ ఉన్నాయమ్మా" అంది ఆమె. నాకు గర్వమయింది. దేవుడా, ఆ క్షణాన నాకు గర్వమయింది.

వాడు మర్నాడు మధ్యాహ్నం దాకా పురుగులు ఏరాడు. వరండాలో కాసేపు పడుకుంటానన్నాడు. సాయంత్రం అన్నం వేసి పిలిచాను.

ఊళ్ళో అడిగిన వాళ్ళందరికీ డాక్టరు పంపించాడు అని చెప్పాను. మొదటిసారి ఎందుకట్లా నోట్లోంచి వచ్చిందో. తర్వాత మార్చటానికి లేకపోయింది. పెద్దకర్మ అయ్యాక ఆయన మదనపల్లె పోయి, ఆస్పత్రి వరండాలో నిలబడి ఆ డాక్టరును అనరాని మాటలన్నాడు. నేను పక్కనే ఉన్నాను. డాక్టరు నా వైపు చూశాడు. కాగితం తెచ్చి చూపించవచ్చు. చూపించలేదు. తల వంచుకుని లోపలికి పోయాడు.

మనసుకు దెబ్బ తగిలే మాట చెప్పకూడదన్నాడు బెంగుళూరు డాక్టరు. గీత కూడా గీశాను. చెప్పకపోతే ఈయన ఆ మంచంలోనే పోతాడు. డాక్టరు మాట మొదటిసారి దాటుతున్నాను, తెలిసి దాటుతున్నాను.

సంతకం సంగతి చెబుతాను. కబురు సంగతి చెప్పను. అది నాతోనే పోనీ.

28-2-86, శుక్రవారం

చెప్పాను.

శాంత కొళాయి దగ్గరికి పోయింది. నాలుక కింద మాత్ర చేతిలో పెట్టుకుని మంచం దగ్గర కూర్చున్నాను.

"ఏమయ్యా. మదనపల్లె డాక్టరు అబ్బోణ్ణి పంపించలే."

"మళ్ళ?"

"నేను తీసుకొచ్చినా. పది దినాలు కదలకూడదన్నాడు. నేనే రాసిచ్చి, సంతకం పెట్టి తీసుకొచ్చినా. పంపించింటే వాడు బతికుండేవాడు. డాక్టర్లు పంపించేది బతికేవోళ్ళనే. నిన్ను పంపించినారు."

కప్పు వైపు చూస్తూనే అన్నాడు.

"ఆ డాక్టరును నడి వరండాలో అంతేసి మాటలంటిని గదే."

"ఔ."

"నువ్వు పక్కనే ఉంటివి."

"ఔ."

"నోరు తెరవకపోతివి."

"తెరవలే."

ఆయన లేచాడు. ఎడమ కాలు దింపాడు, కుడి కాలు దింపాడు. కుడి మోకాలు కరకర మంది, నాకు వినిపించింది. నొప్పికి పళ్ళు బిగించాడు. గోడ పట్టుకున్నాడు. నేను చెయ్యి ఇవ్వబోతే తోసేశాడు. తోసిన చేతిలో బలం ఉంది! తువ్వాలు భుజాన వేసుకుని, వాకిలి దాటి, కుంటుకుంటూ రోడ్డు మీదికి పోయాడు.

గంగప్ప తన గడపలోంచి, "అబ్బో, సిగ్నలు పడిందిరో!" అని అరిచాడు.

మాత్ర చేతిలో పెట్టుకుని వెనక పోయాను.

1-3-86

మాట్లాడడం లేదు. శాంత పెడితే తింటాడు. నేను పెడితే లేచి పోతాడు. పొద్దున, సాయంత్రం గూడ్సు షెడ్డు దాకా నడిచాడు.

2-3-86

నడిచాడు. నేను నలభై అడుగుల వెనక. దగ్గరికి పోతే ఆగిపోతాడు, అందుకని దూరంగానే పోతాను. పిక్క వాపు తగ్గింది.

4-3-86

శాంత అడిగింది, నాయనకు నీ మీద ఎందుకంత కోపం అని. చెప్పాను ఆమెకు కూడా. ఒకసారి చెప్పాక రెండోసారి సులువని అనుకున్నాను. కాదు.

డాక్టరు వేగంగా నడవమన్నాడు. కోపమున్న మనిషి వేగంగానే నడుస్తాడు. ఉండనీ కోపం. ఇంకో నెల ఉన్నా పర్వాలేదు.

6-3-86, గురువారం

సాయంత్రం గూడ్సు షెడ్డు దగ్గర, వ్యాగన్లకు ఎక్కించటానికి తెచ్చిన నల్లరాతి దిమ్మెలు ఉంటాయి. వాటి దగ్గర ఆగాడు. నేనూ ఆగాను. వెనక్కి తిరగకుండానే అడిగాడు. ఆరు రోజుల తర్వాత మొదటి మాట.

"పది దినాలు ఉండమంటే మూడో దినమే యాల వస్తిరి?"

జవాబు తయారుగా ఉంది. వాడే తొందర పెట్టాడని చెబుదామనుకున్నాను. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. నోటి దాకా వచ్చింది.

"చెంగయ్య వచ్చినాడు" అన్నాను.

"చెంగయ్య..." అన్నాడు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఉన్నాడు. "నేను పంపితిని గదా చెంగయ్యను."

"ఔ."

దిమ్మె మీద కూర్చున్నాడు. పరిగెత్తాను. నోరు తెరువు, మాత్ర పెడతానన్నాను. చెయ్యి అడ్డం పెట్టాడు. నొప్పి కాదు. ఏడుస్తున్నాడు. మునికృష్ణను మోసుకుపోయిన రోజు కూడా ఏడవని మనిషి, రైల్వే కూలీలు చూస్తుండగా, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఈ పుస్తకంలో ఎన్నిసార్లు రాశానో ఏడవలేదని. ఏడ్చాను.

"కబురు నాది" అన్నాడు.

"రాత నాది" అన్నాను.

"నువ్వు గ్యాసు నొప్పంటివి."

"ఔ. అది గూడా నాదే."

"అన్నీ నువ్వే తీసుకుంటే నాకేం మిగిలె?" అని కసిరాడు. కసిరి, పక్కకు జరిగి చోటిచ్చాడు. కూర్చున్నాను.

9-3-86, ఆదివారం

ఆయన నిన్నటి నుంచి ఒకటే పట్టు. మదనపల్లె పోవాలంటాడు. ఆ డాక్టరు దగ్గరికి.

"జాబు రాస్తాలే" అన్నాను.

"రాసింది చాలు నువ్వు. నోటితో అన్న మాట నోటితోనే తీసుకోవల్ల."

నల్లప్ప భయపడ్డాడు. అంత దూరం బస్సు, అక్కడ ఆ డాక్టరు కోపంగా మాట్లాడితే మామకేమవుతుందో అన్నాడు. బెంగుళూరుకు చూపించాక పోవచ్చు కదా అంది శాంత. ఆయన వినలేదు. నేను ఇక్కడి డాక్టరు దగ్గరికి పోయి, ఆ పొద్దు అన్న మాటకు తప్పయింది సామీ అని చెప్పి, బస్సులో పోవచ్చా అని అడిగాను. నాడి చూసి, కాలు చూసి, పోవచ్చు, మాత్రలు మరవొద్దు అన్నాడు. మీరు పంపిస్తాండారా అని అడగలేదు. ఈసారి పోయేది మేమే.

10-3-86, సోమవారం

పలమనేరులో బస్సు మారి, పుంగనూరు బస్సు కోసం కూర్చున్నాము. రాయటానికి వేళ చిక్కింది.

పొద్దున ఆయన తనే గడ్డం గీసుకున్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. నేను రెండు మాత్రలు కొంగున ముడేసుకున్నాను. డాక్టరు మొహం చూసి ఏమనాలో ఎన్నిసార్లు అనుకున్నా మాట కుదరటం లేదు. ఆయన బయటికి పొమ్మంటే పోవాలి. తిడితే పడాలి. ఏమీ అనకుండా, ఆ రోజు చూసినట్టు చూస్తే మాత్రం ఏం చేయాలో తెలియదు. ఏం చేసినా చెప్పకుండా మాత్రం తిరిగి రాను.

ఇంతసేపూ ఆయన ఒకటే పోరు.

"ముందు నేను చెప్తా. తిట్టినోణ్ణి నేను."

"అబద్ధం చెప్పిందాన్ని నేను. తిట్టు తర్వాత వచ్చె, అబద్ధం ముందు వచ్చె. నేనే ముందు."

"నువ్వు మొదలుపెడితే నాకు సందిస్తావా?"

"నువ్వు మొదలుపెడితే గట్టిగా అరుస్తావు, ఆయప్ప మళ్ళీ తిట్టను వచ్చినాడు అనుకుంటాడు."

బల్ల మీద పక్కనున్న ముసలామె, "యాలమ్మా, పెద్దాయనతో నడిరోడ్డులో కొట్లాట!" అంది.

"కొట్లాడనీలే అవ్వా" అన్నాడు ఆయన. "ఇంకా దూరముండాది."

బస్సు వచ్చింది.